గుండె వైపు ఏ చిహ్నం? అమెరికా సైనిక కళాశాలల క్లాస్ ఉంగరం

వెస్ట్‌పాయింట్‌లోని అమెరికా సైనిక అకాడమీ ఉంగరానికి నడుమ ఒక రాయి ఉంటుంది. రాయికి ఒక పక్క అకాడమీ చిహ్నం, రెండో పక్క ఆ ఏటి బ్యాచ్ తనకోసం ప్రత్యేకంగా రూపొందించుకున్న చిహ్నం చెక్కి ఉంటాయి. ఈ ఉంగరాన్ని ఎడమ చేతికి పెట్టుకోవాలనీ, చదువు పూర్తయ్యేదాకా బ్యాచ్ చిహ్నం గుండె వైపు ఉండాలనీ, పట్టా పుచ్చుకున్న తర్వాత ఉంగరం తీసి, తిప్పి, అకాడమీ చిహ్నం గుండె వైపు వచ్చేలా మళ్లీ తొడుక్కోవాలనీ పాతకాలం నుంచి ఒక ఆనవాయితీ ఉంది. ఈ రోజుల్లో దీన్ని అందరూ పాటించడం లేదు. అయినా క్లాస్ ఉంగరం గురించి అర్థం చేసుకోవలసినదంతా నాకు ఆ తిప్పడంలోనే కనిపిస్తుంది. ఒక సైనికాధికారి ముందు ఎవరికి చెందినవాడు? నాలుగేళ్లు పక్క మంచం మీద పడుకుని, ఒకే శిక్ష పంచుకున్న తోటివాళ్లకా, లేక వాళ్లందరినీ తయారుచేసి పంపిన సంస్థకా? ఈ ప్రశ్నకు ఒక్కో సైనిక కళాశాల ఒక్కో జవాబు చెప్పుకుంది. ఆ జవాబులన్నీ బంగారంలో పోతపోసి ఉన్నాయి.

ముందుగా ఒక మాట విడమరచాలి. అమెరికాలో ‘క్లాస్’ అంటే ఫలానా సంవత్సరంలో పట్టా తీసుకునే మొత్తం బృందం. మనం బ్యాచ్ అంటాం, మన సైన్యంలో కోర్సు అంటారు. ‘1915 క్లాస్’ అంటే 1915లో బయటికి వచ్చినవాళ్లని అర్థం, చేరిన సంవత్సరంతో దానికి సంబంధం లేదు. ఉంగరం మీద కనిపించే సంవత్సరం కూడా అదే. కాబట్టి ఒక వెస్ట్‌పాయింట్ పట్టభద్రుడి చేతిని చూస్తే అతను ఎక్కడ చదివాడో, ఎవరితో కలిసి చదివాడో, సర్వీసులో ఎవరికి సీనియరో ఒక్క చూపులో తెలిసిపోతుంది. రాముడి పేరు చెక్కిన అంగుళీయకం చూడగానే అశోకవనంలో సీత మనసు కుదుటపడిన ఘట్టం విన్న మనకు, ఉంగరం మనిషిని పట్టి ఇస్తుందన్న సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

హడ్సన్ నది ఒడ్డున వెస్ట్‌పాయింట్ అకాడమీ 1802లో మొదలైంది. అక్కడ మొదటిసారి ఉంగరాలు చేయించుకున్నది 1835 బ్యాచ్. అమెరికా కళాశాలల్లో ఒక బ్యాచ్ మొత్తానికీ ఉంగరం ఉండటమనే ఆచారానికి ఆరంభం అదేనని సాధారణంగా చెబుతారు. ఆ ఏడాది బయటికి వచ్చినవాళ్లు 56 మంది. వాళ్లలో పంతొమ్మిదో స్థానంలో నిలిచిన జార్జ్ మీడ్ 28 ఏళ్ల తర్వాత, 1863లో, అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ పోరులో ఉత్తరాది సేనలకు నాయకత్వం వహించాడు. మరుసటి ఏడాది, అంటే 1836 బ్యాచ్‌కు ఉంగరాలు లేవు. 1879 బ్యాచ్ ఉంగరాలకు బదులు చొక్కా మణికట్టు దగ్గర పెట్టుకునే కఫ్‌లింకులు చేయించుకుంది. ఈ రెండు మినహాయింపులు వదిలేస్తే ఆ పరంపర తెగలేదు.

ఉంగరం ఆ రోజుల్లోనే, ఆ చోటే ఎందుకు పుట్టిందన్న దానికి నా ఊహ ఇది. పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో అమెరికా సైన్యం చాలా చిన్నది. పట్టా చేతికి రాగానే ఆ యువకులు వందల మైళ్ల దూరాన సరిహద్దు కోటలకు చెదిరిపోయేవారు. పదోన్నతులు నత్తనడకన వచ్చేవి. ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. బ్రిటిష్ సైన్యంలో లాగా తరతరాలుగా ఒకే రెజిమెంటును ఇల్లుగా చేసుకునే పద్ధతి అక్కడ అంత బలంగా నాటుకోలేదు. అలాంటప్పుడు ఒక అధికారికి ‘మావాళ్లు’ అని చెప్పుకోవడానికి మిగిలేది కలిసి చదువుకున్న యాభై అరవై మందే. ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకుపోగలిగినది, అధికారులెవరూ వెనక్కి తీసుకోలేనిది వేలికున్న ఉంగరం ఒక్కటే.

అయితే ఆ బంధం ఎంతవరకు నిలబడుతుందన్న పరీక్ష త్వరలోనే వచ్చింది. 1846 బ్యాచ్‌లో 59 మంది పట్టభద్రులయ్యారు. రెండో స్థానంలో జార్జ్ మెక్‌క్లెలన్, పదిహేడో స్థానంలో తర్వాతి కాలంలో ‘స్టోన్‌వాల్’ అని పేరుపడ్డ థామస్ జాక్సన్, అందరికంటే చివర జార్జ్ పికెట్. 1861లో అంతర్యుద్ధం మొదలైన కొన్ని నెలలకు మెక్‌క్లెలన్ ఉత్తరాది సైన్యాధిపతి అయ్యాడు, జాక్సన్, పికెట్ దక్షిణాది వైపు వెళ్లారు. ఒకే గదుల్లో పాఠాలు వల్లెవేసినవాళ్లు ఎదురెదురు శిబిరాల్లో నిలబడి, ఒకరి ఆలోచన ఒకరికి ముందే తెలిసిన శత్రువులయ్యారు. తోటివాళ్ల మీది ప్రేమ దేశం పట్ల కర్తవ్యాన్ని కాపాడలేకపోయింది, దేశం రెండుగా చీలినప్పుడు సంస్థ నేర్పిన విధేయత కూడా అందరినీ ఒక పక్కన నిలబెట్టలేకపోయింది. ఉంగరం ఏ పక్క గుండె వైపు ఉండాలన్నది వేడుక కోసం కల్పించిన ప్రశ్న అనుకునేవారు ఈ బ్యాచ్ చరిత్ర ఒకసారి చూడాలి.

ఉంగరం మీద అకాడమీ చిహ్నం ఇప్పుడున్న రూపంలో మొదటినుంచీ లేదు, ఉండే వీలు కూడా లేదు. గ్రీకు దేవత ఎథీనా శిరస్త్రాణం, ఖడ్గం, ‘కర్తవ్యం, గౌరవం, దేశం’ అన్న అర్థమిచ్చే మూడు మాటల నినాదం కలిసిన అకాడమీ ముద్ర 1898లో వచ్చింది. అంటే ఉంగరం పుట్టుకతో బ్యాచ్‌ది. సంస్థ దాని మీదికి తర్వాత వచ్చి చేరింది. బ్యాచ్ చిహ్నాన్ని మాత్రం ఇప్పటికీ క్యాడెట్లే, తమలోంచి ఎన్నుకున్న కమిటీ ద్వారా, రూపొందించుకుంటారు.

వెస్ట్‌పాయింట్‌లో ఉంగరాలు నాలుగో ఏడాది మొదట్లో, ఆగస్టు చివర అందుతాయి. ఆ సాయంత్రం దృశ్యం కొంచెం దగ్గరగా చూడాలి. తెల్లని యూనిఫాంలో సీనియర్ క్యాడెట్ కొత్త ఉంగరంతో తన బ్యారక్ వైపు నడిచి వస్తుంటాడు. అక్కడ మాటువేసి ఉన్న మొదటి ఏడాది క్యాడెట్లు ఒక్కసారిగా చుట్టుముడతారు. మామూలు రోజుల్లో అదే సీనియర్ ముందు గడ్డం లోపలికి నొక్కిపెట్టి, అడిగిన దానికి మాత్రమే బదులిచ్చే పిల్లలు వీళ్లు. ఆ రోజు మాత్రం మోకాళ్ల మీద కూలబడి, గొంతు చించుకుని, అంత్యప్రాసలతో నిండిన ఒక పాత పాఠాన్ని అప్పజెబుతారు. అబ్బ, ఎంత అందమైన ఉంగరం, ఎంత ఇత్తడి, ఎంత గాజు, ఎలా మెరిసిపోతోందో, ఎంత ఖర్చయి ఉంటుందో, దయచేసి ఒక్కసారి ముట్టుకోనివ్వండి సార్ అని వేడుకుంటారు. సీనియర్ తప్పించుకుని పరుగెత్తితే వెంటపడతారు. ఆటపట్టించడమే అయినా అందులో ఒక లెక్క ఉంది. మూడేళ్లు ఆగితే ఈ ఉంగరం మీకూ వస్తుందన్న మాటను వాళ్లచేత వాళ్ల నోటితోనే పలికించడం అది. దాన్ని ర్యాగింగ్ గాటన కట్టేవారున్నారు. నా దృష్టిలో ఆ కాసేపు తలకిందులయ్యేది పెద్దవాడి హోదాయే, ఎందుకంటే అక్కడ పారిపోయేది అతనే.

నౌకాదళ అకాడమీ ఉన్న అనాపొలిస్‌లో ఉంగరాల చరిత్ర 1869 బ్యాచ్‌తో మొదలవుతుంది. అక్కడి వేడుక వెనుక ఒక విషాదం ఉంది. మూడో ఏడాది చివరి పరీక్ష ముగిసి ఉంగరం పెట్టుకునే అర్హత రాగానే మిడ్‌షిప్‌మెన్‌ను, అంటే నౌకాదళ క్యాడెట్లను, సెవర్న్ నదీ జలాల్లో ముంచడం అప్పట్లో ఆచారంగా ఉండేది. 1924లో ఆ సంబరంలో ఒక యువకుడు మునిగి చనిపోయాడు. నదిలో దూకే ఆచారాన్ని మాన్పించి, 1925 నుంచి దాని స్థానంలో ‘రింగ్ డ్యాన్స్’ అనే నృత్యోత్సవం తెచ్చారు. అందులో మిడ్‌షిప్‌మన్ ఉంగరాన్ని అతనితో వచ్చిన జంట రిబ్బన్‌కు కట్టి మెడలో వేసుకుంటుంది. ఓడ దిక్సూచిని ఉంచే స్తంభం లాంటి పాత్రలో సప్తసముద్రాల నుంచి తెచ్చి కలిపిన నీళ్లు పోసి ఉంచుతారు, ఉంగరాన్ని అందులో ముంచి ఆ తర్వాతే వేలికి తొడుగుతారు. మనిషి మునగాల్సిన చోట ఉంగరం మునుగుతోంది. ఆచారాన్ని పూర్తిగా చెరిపేయకుండా దానిలోని ప్రాణాపాయాన్ని మాత్రమే తీసేసిన ఈ పరిష్కారం నాకు ఎంతో వివేకంగా అనిపిస్తుంది. పుష్కరాల్లో కాలు జారే చోట కర్రలు కట్టి, చెంబుతో తలమీద నీళ్లు పోసుకున్నా స్నానమేనని చెప్పే పెద్దల వివేకం లాంటిదే అది.

వాయుసేన అకాడమీ వయసులో చిన్నది. 1954లో ఏర్పడింది, కొలరాడోలో ఉంది. 1959లో బయటికి వచ్చిన మొదటి బ్యాచ్ 207 మంది. మిగతా అకాడమీల ఉంగరాలు పసుపు బంగారంతో ఉంటే వీళ్లవి తెల్ల బంగారంతో ఉంటాయి. వేడుక రోజున షాంపేన్ గ్లాసు అడుగున ఉంగరం వేసి, గ్లాసు ఖాళీ చేసి, పళ్లతో దాన్ని అందుకోవడం వీళ్ల ఆచారం. వెస్ట్‌పాయింట్ తొలి ఉంగరాలకు దాదాపు నూట ఇరవై ఏళ్ల తర్వాత మొదలైన సంస్థ కూడా మొదటి బ్యాచ్ నుంచే ఉంగరం పెట్టుకోవాలనుకోవడం గమనించదగ్గది. అప్పటికి ఉంగరం లేని అధికారుల కళాశాలను అమెరికన్లు ఊహించుకోలేని స్థితి వచ్చింది.

ఇంతవరకు చెప్పుకున్నవి కేంద్ర ప్రభుత్వ అకాడమీలు. రాష్ట్రాల సైనిక కళాశాలలకు వస్తే జవాబు రెండు దిక్కులకు చీలుతుంది. వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్ ఉంగరం చాలా పెద్దది, వేలు కణుపు దాకా కప్పేస్తుంది. దానికీ ఒక పక్క సంస్థది, ఒక పక్క బ్యాచ్‌ది. బ్యాచ్ పక్కన ఏ బొమ్మలు చెక్కాలన్నది ఏటేటా ఆ బ్యాచే తేల్చుకుంటుంది. తమ కాలంలో జరిగిన సంఘటనలను, తాము పడ్డ కష్టాలను అందులో ఇరికించడానికి తెగ తాపత్రయపడతారు. దక్షిణ కరొలైనాలోని చార్ల్స్‌టన్ పట్నంలో 1842 నుంచి ఉన్న ‘ది సిటడెల్’ దీనికి పూర్తిగా ఎదురు దారి తొక్కింది. 1940 నుంచి అక్కడ ప్రతి బ్యాచ్‌కూ ఒకే నమూనా. సంవత్సరం అంకె మారుతుంది, మరేదీ మారదు. ఎనభై ఏళ్ల వృద్ధుడి ఉంగరం, ఇరవై రెండేళ్ల యువకుడి ఉంగరం పక్కపక్కన పెడితే అరుగుదలలో తప్ప తేడా ఉండదు. నీ బ్యాచ్ గొప్పతనాన్ని విడిగా చాటుకోవడానికి వీల్లేదు, నువ్వు ఈ పొడవాటి వరుసలో ఒకడివి అని చెప్పడమే దాని ఉద్దేశం.

ఒకే నమూనా అన్నది వినడానికి నిరాడంబరంగా ఉంటుంది గానీ దానికొక బరువు ఉంది. సిటడెల్ ఉంగరం మీద ఉన్న గుర్తుల్లో ఒకటి ‘స్టార్ ఆఫ్ ది వెస్ట్’ అనే ఓడను స్మరించేది. 1861 జనవరి 9న చార్ల్స్‌టన్ రేవులో కేంద్ర సైన్యం ఉన్న సమ్టర్ కోటకు సాయం తీసుకొస్తున్న ఆ ఓడ మీద సిటడెల్ క్యాడెట్లే ఫిరంగులు పేల్చారు. అంటే తమ సొంత దేశ ప్రభుత్వం పంపిన ఓడ మీద. ఆ కాల్పులు కొందరికి సంస్థ శౌర్యగాథ, మరికొందరికి బానిసత్వాన్ని నిలబెట్టడానికి జరిగిన తిరుగుబాటులో తొలి ఘట్టం. బ్యాచ్ చిహ్నాన్ని ఏటా మార్చుకునే చోట ఒక తరం తప్పుడు బొమ్మ ఎంచుకుంటే మరుసటి తరం వదిలేయగలదు. నమూనాను స్థిరం చేసుకున్న చోట పూర్వీకుల జ్ఞాపకం మొత్తం, దానిలోని వివాదంతో సహా, ప్రతి కొత్త వేలికీ ఎక్కుతుంది. ఆ క్యాడెట్ నల్లజాతి యువతి అయినా సరే. స్థిరత్వం కోరుకునేవారు ఈ ధరను కూడా లెక్కలో వేసుకోవాలి.

స్త్రీల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మార్పు గురించి చెప్పాలి. చాలాకాలం పాటు ఈ ఉంగరానికి ఒక చిన్న ప్రతిరూపం ఉండేది, దాన్ని ‘మినియేచర్’ అంటారు. క్యాడెట్ తాను పెళ్లాడబోయే అమ్మాయికి నిశ్చితార్థపు ఉంగరంగా దాన్ని ఇచ్చేవాడు. ఆమె ఆ ఉంగరానికి అర్హురాలయ్యేది ఒక అధికారి భార్యగా మాత్రమే. 1976లో మూడు కేంద్ర అకాడమీల్లోనూ స్త్రీలను చేర్చుకున్నారు. 1980లో వెస్ట్‌పాయింట్ నుంచి మొదటగా 62 మంది స్త్రీలు పట్టభద్రులయ్యారు. తమ పేరు, తమ సంవత్సరం చెక్కిన ఉంగరాలు వేళ్లకు పెట్టుకున్నారు. వర్జీనియా సంస్థ తలుపులు తెరవడానికి మాత్రం 1996లో సుప్రీంకోర్టు తీర్పు అవసరమైంది. సిటడెల్‌లో మొదటి మహిళా క్యాడెట్ పట్టభద్రురాలైంది 1999లో. ఉంగరం కొలత తగ్గించడం తప్ప దాని తయారీలో మార్చాల్సిందేమీ లేకపోయింది.

ఇక ఈ సంప్రదాయం మీద ఉన్న అసలు ఫిర్యాదు. అమెరికా సైన్యంలో అకాడమీ పట్టభద్రులను వెనక నుంచి ‘రింగ్ నాకర్’ అంటారు, అంటే ఉంగరంతో బల్ల కొట్టేవాడని. సమావేశంలో వాదన ముదిరినప్పుడు ఒకడు ఉంగరంతో బల్ల మీద మెల్లగా తట్టి, తానెవరో గుర్తుచేస్తాడనీ, గదిలో ఉన్న అదే అకాడమీ వాళ్లు వెంటనే అతని పక్షం చేరిపోతారనీ కథ. నిజంగా అలా తట్టినవాళ్లు ఎందరో చెప్పలేం గానీ ఆ మాట ఇంతకాలం బతికి ఉండటానికి కారణం ఉంది. సైన్యంలో చేరే కొత్త అధికారుల్లో చాలామంది మామూలు విశ్వవిద్యాలయాల్లో చదువుతూ ఆర్వోటీసీ (రిజర్వ్ అధికారుల శిక్షణ దళం) శిక్షణ ద్వారా వస్తారు, కొందరు సిపాయి స్థాయి నుంచి ఎదుగుతారు. వాళ్ల వేళ్లకు ఆ ఉంగరం ఉండదు. పదోన్నతి జాబితాలో పేరు రానప్పుడు, మంచి పోస్టింగు మరొకరికి దక్కినప్పుడు, ఎదుటివాడి చేతి మీద మెరిసేది కళ్లకు గుచ్చుకుంటుంది.

ఇక్కడ సంప్రదాయాన్ని ప్రేమించేవారు తప్పించుకోకూడదని నా అభిప్రాయం. తోటివాడు ఆపదలో ఉంటే ఉంగరం చూసి ఆదుకోవడం, తోటివాడు తప్పు చేస్తే ఉంగరం చూసి కప్పిపుచ్చడం, రెండింటికీ పునాది ఒకే భావన. తన బ్యాచ్‌మేట్ అబద్ధం చెప్పినా, కాపీ కొట్టినా దాన్ని సహించనన్నది వెస్ట్‌పాయింట్ క్యాడెట్లు ఒప్పుకునే గౌరవ నియమావళి. ఆ నియమావళి స్నేహం కంటే సత్యాన్ని పైన పెట్టింది. పట్టా రోజున అకాడమీ చిహ్నాన్ని గుండె వైపు తిప్పడంలోని భావం కూడా నాకు తెలిసినంతలో ఇదే. దీన్ని మరిచిన చేతికి ఆ ఉంగరం కులం గుర్తులా పనిచేస్తుంది.

మన దేశంలో ఇలాంటి ఉంగరాల వేడుక లేదు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ పద్ధతులు బ్రిటిష్ సైనిక అకాడమీ శాండ్‌హర్స్ట్ నమూనాలో ఏర్పడ్డవి. అక్కడి క్యాడెట్ చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి ‘అంతిమ్ పగ్’ (ఆఖరి అడుగు) దాటుతాడు, తల్లిదండ్రులు అతని భుజాల మీద నక్షత్రాలు తొడుగుతారు, ఆ తర్వాత రెజిమెంటే అతని ఇల్లు. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ వాయుసేన అకాడమీలో ఆ స్థానం రొమ్ము మీద తొడిగే రెక్కలది. కోర్స్‌మేట్ అన్న మాటకు మన సైనికుల మధ్య ఉన్న ఆప్యాయత ఏ ఉంగరానికీ తీసిపోదు, కాని ఆ బంధానికి గుర్తుగా వేలికి ఏదీ ఉండదు. రెజిమెంటు బలంగా ఉన్న సైన్యానికి టోపీ మీద చిహ్నం చాలింది, అది బలహీనంగా ఉన్న సైన్యానికి ఉంగరం కావలసి వచ్చింది అని నేను అనుకునేది అందుకే.

అయినా అమెరికన్లు ఈ మధ్యకాలంలో ఉంగరానికి చేర్చిన ఒక కొత్త ఆచారం మనవాళ్లకు చప్పున అర్థమవుతుంది. చిన్నప్పుడు తెనాలిలో మా వీధి చివర కంసాలి కొట్టులో మా మేనత్త పెళ్లికి నానమ్మ కంకణాలు కరిగించడం చూశాను. మూసలో వెలిగారం చల్లి, గొట్టంతో ఊదుతూ నిప్పు రాజేశాడాయన. కంకణం ముందు ఎర్రబడింది, అంచులు వంగాయి, చూస్తుండగానే ఒక్క చుక్కగా ముడుచుకుపోయి అద్దంలా మెరిసింది. నానమ్మ కళ్లు తుడుచుకుంది. కాని ఆ బంగారం మేనత్త మెడలో ఉందంటే నానమ్మ ఉన్నట్టేనని మా ఇంట్లో ఈనాటికీ అనుకుంటాం.

పాత ఉంగరాలను కరిగించి కొత్తవాటిలో కలిపే ఆ ఆచారాన్ని వెస్ట్‌పాయింట్‌లో ‘రింగ్ మెల్ట్’ అంటారు. 2002 బ్యాచ్ కోసం మొదటిసారి జరిగింది, 31 పాత ఉంగరాలు వచ్చాయి. చనిపోయిన పట్టభద్రుల కుటుంబాలు వాళ్ల ఉంగరాలు ఇస్తాయి, బతికి ఉన్నవాళ్లు కూడా కొందరు ఇస్తారు. ఒక్కొక్కరి పేరు, బ్యాచ్ సంవత్సరం చదువుతుంటే, కూతురో మనవడో భార్యో ముందుకు వచ్చి ఉంగరాన్ని తమ చేత్తోనే మూసలో వేస్తారు. ఎవరి రాయి ఏ రంగుదో, ఏ బ్యాచ్ చిహ్నం ఎలా ఉండేదో కరిగాక తెలియదు. ఆ బంగారాన్ని కొత్త బంగారంతో కలిపి ఆ ఏటి వెయ్యి మంది దాకా క్యాడెట్లకు ఉంగరాలు పోస్తారు. తర్వాత ఇతర సైనిక కళాశాలలు కొన్ని ఈ పద్ధతి అందుకున్నాయి.

బ్యాచ్ ఒక పక్క, సంస్థ మరో పక్క ఉన్న ఉంగరంలో ఇప్పుడు మూడోది చేరింది. ముందుపోయినవాళ్లు ఏ పక్కా కాకుండా, కంటికి కనపడకుండా లోహంలోనే ఉన్నారు. వియత్నాంలో చనిపోయిన లెఫ్టినెంట్ బంగారం, పదవీ విరమణ చేసి నిద్రలో కన్నుమూసిన కర్నల్ బంగారం విడదీయడానికి వీల్లేకుండా కలిసిపోయి ఉంటాయి, ఉంగరాన్ని ఎటు తిప్పినా. పోత పని మొదలయ్యేముందు ఆ ఏడాది కరిగిన మిశ్రమంలోంచి కొద్దిగా తీసి, వచ్చే ఏటి మూస కోసం పక్కన పెడతారు.